సెలవు చీటీ చాలదు, చట్టం కావాలి

(పదో తరగతి, ఇంటర్ చదివే మన పల్లెల పిల్లలకు వేసవి సెలవుల్లో పది రోజులపాటు నడిపిన చట్టం తరగతుల ముగింపు సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం.)



ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్తాం. అది 1994వ సంవత్సరం. అప్పుడు మేము తొమ్మిదో తరగతి. మిరపకోతల కూలి బాకీ అడిగినందుకు ఒక ఆసామి మా నాయనను కళ్ళం దగ్గర పదిమంది చూస్తుండగా కులం పేరు పెట్టి తిట్టాడు. కర్రతో కొట్టాడు. తల పగిలింది. నెత్తికి తువ్వాలు కట్టుకుని మా నాయన స్టేషనుకు నడిచాడు. తోడు మమ్మల్ని తీసుకుపోయాడు. స్టేషన్ రైటరు అడుగుతున్నాడు, నాయన చెప్తున్నాడు, రైటరు రాస్తున్నాడు. మధ్యలో నాయన "మావోడు తొమ్మిది చదువుతున్నాడండీ" అన్నాడు, సంబరంగా. "అయితే ఏంది?" అన్నాడు రైటరు. కాగితం తిప్పి "ఇక్కడ వేలు పెట్టు" అన్నాడు. పెట్టాడు.

రెండేళ్ళకు కోర్టులో ఆ కాగితం చదివారు. ఇద్దరూ తాగి మాటామాటా అనుకుని తోసుకోగా కింద పడి తలకు దెబ్బ తగిలినది అని ఉంది అందులో. కర్ర లేదు. కూలి బాకీ లేదు. కులం మాట అసలే లేదు. మా నాయన జన్మలో కల్లు ముట్టిన మనిషి కాదు. అవతలి ప్లీడరు ఒక్కటే అడిగాడు, "ఈ వేలిముద్ర నీదేనా?" అని. "నాదేనండీ" అన్నాడు నాయన. కేసు అక్కడే పోయింది.

అప్పటికి అట్రాసిటీ చట్టం లేదా? ఉంది. 1989లో పార్లమెంటు చేసింది, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఢిల్లీలో చట్టం ఉంది, స్టేషన్లో కాగితం ఉంది, ఆ రెండింటి మధ్య తొమ్మిదో తరగతి చదివే పిల్లోడు నిలబడే ఉన్నాడు. తెలుగు గడగడా చదువుతాడు. పానిపట్టు యుద్ధాలు ఏయే సంవత్సరాల్లో జరిగాయో చెప్తాడు. కానీ "చదివి వినిపించండి సార్" అనే మూడు మాటలు వాడికి ఎవరూ నేర్పలేదు. ఆ మాట అడగొచ్చని వాడికి తెలియదు. ఆ మూడు మాటల కోసమే ఈ పది రోజుల తరగతులు పెట్టాం.

బడిలో మాకు నేర్పిన రాతకోతలేంది? సెలవు చీటీ. "నాకు జ్వరము వచ్చినందున దయతో రెండు దినములు సెలవు ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాను, ఇట్లు తమ విధేయుడు." ఇదే కదా మనకు వచ్చిన అర్జీ. అందుకే మనోడు ఎమ్మార్వో ఆఫీసుకు పోయినా, స్టేషనుకు పోయినా, దెబ్బలు తిని పోయినా, "దయతో" అనే మొదలుపెడతాడు. ఫిర్యాదు దయ అడిగే కాగితం కాదు. జరిగింది చెప్పి, చెయ్యాల్సిన పని చెయ్యమని ఆఫీసరుకు గుర్తుచేసే కాగితం. ఈ తేడా పదిహేనేళ్ళ వయసులో తెలిస్తే మనిషి నిలబడే తీరే మారుతుంది.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎన్నో ఏళ్ళు మేము సాంఘిక శాస్త్రం చెప్పాం. ప్రాథమిక హక్కులు బోర్డు మీద రాశాం, పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు. "అస్పృశ్యతను నిషేధించిన అధికరణం ఏది?" "17వ అధికరణం." ఒక మార్కు. ఆ మార్కు తెచ్చుకున్న పిల్లోడు సాయంత్రం టీ బంకు దగ్గర తన గ్లాసు తనే కడుక్కుని పక్కన బోర్లించి వస్తున్నాడు. వాడు రాసిన జవాబుకూ, వాడు కడిగిన గ్లాసుకూ సంబంధం ఉందని మేము చెప్పామా? చెప్పలేదు. సిలబస్ అయిపోయిందా లేదా అని చూసుకున్నాం.

ఇప్పుడు పరిస్థితి ఏంది? ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో రాజ్యాంగం, పార్లమెంటు, కోర్టుల పాఠాలు ఉన్నాయి. ఇంటర్లో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. తీసుకున్నవాళ్ళకు పౌరశాస్త్రం ఉంది. పట్నాల్లో సి.బి.ఎస్.ఇ. బడులకు పోయే పిల్లలకైతే 11, 12 తరగతుల్లో లీగల్ స్టడీస్ అని విడిగా ఒక సబ్జెక్టే ఉంది. అది ఎన్నుకున్న పిల్లలు నేరం అంటే ఏంది, ఒప్పందం అంటే ఏంది, కోర్టు ఎట్లా నడుస్తుంది అని పదహారేళ్ళకే చదువుతున్నారు. ఆ చట్టం ఎవరికి ముందు కావాలి? ఇంట్లో ప్లీడరు మామయ్య ఉన్న పిల్లలకా, ఇంట్లో వేలిముద్ర తప్ప ఏమీ లేని మన పిల్లలకా?

మాకు సబ్జెక్టు లేదు, పీరియడు లేదు, పుస్తకం లేదు. అందుకని ఈ హాల్లో మొదలుపెట్టాం. ఏం చేశామో అమ్మలకు, అయ్యలకు తెలియాలి కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

మొదటిరోజు నాటకం ఆడించాం. ఒక పిల్ల ఎస్సై, ఒక పిల్లోడు రైటరు, ఇంకో పిల్లోడు ఫిర్యాదు ఇచ్చేవాడు. ఎస్సై వేషం కట్టిన పిల్ల కుర్చీలో వెనక్కి వాలి, "ఏందిరా, ఏం పనిరా నీకు, బయట నిలబడు" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. పదో తరగతి పిల్లకు ఆ గొంతు ఎట్లా వచ్చింది? చూసింది కాబట్టి వచ్చింది. అంటే మన పిల్లలకు స్టేషన్ పాఠం ఇప్పటికే వచ్చు. రానిది చట్టం పాఠం.

రెండోరోజు ఫిర్యాదు రాయించాం. ఒక పిల్లోడు "కులం పేరుతో దూషించెను" అని రాశాడు. ఏ మాటన్నాడో రాయరా అన్నాం. తలొంచుకున్నాడు. ఆ మాట రాయాలంటే వాడికి సిగ్గయింది. సిగ్గు పడాల్సింది అన్నవాడు, రాసేవాడు కాదు. అన్న మాట అన్నట్టే రాయాలి. "దూషించెను" అని మాత్రం రాస్తే రేపు కోర్టులో అవతలి ప్లీడరు లేచి, ఏమని దూషించాడో ఇందులో లేదే అంటాడు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ చోట, ఎవరెవరు చూశారు, మన కులం ఏది, వాడి కులం ఏది, అన్నీ ఉండాలి. చోటు చాలా ముఖ్యం. తిట్టిన కేసుకు అది నలుగురి కంట పడే చోట జరిగి ఉండాలని చట్టంలో ఉంది. బయటివాళ్ళు ఎవరూ లేని నాలుగు గోడల మధ్య అన్నమాట దాని కిందికి రాదని 2020 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాం. జరగనిది ఒక్క అక్షరం రాయొద్దు. ఒక్క అబద్ధం తొంభై తొమ్మిది నిజాలను ముంచుతుంది.

మూడోరోజు ఎఫ్.ఐ.ఆర్. నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలి. రాసింది చదివి వినిపించాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇది ఎస్సై గారి మంచితనం కాదు, చట్టం. మన దగ్గర పాత పుస్తకాల్లో ఇది 154వ సెక్షన్ అని ఉంటుంది. 2024 జులై 1 నుంచి పాత నేరశిక్షా స్మృతులు పోయి కొత్తవి వచ్చాయి. ఇప్పుడు అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్. కార్యకర్తలు మీ పుస్తకాల్లో నంబర్లు దిద్దుకోండి. నేరం మా పరిధిలో జరగలేదు, పక్క స్టేషనుకు పో అనడానికి ఇప్పుడు వీల్లేదు. ఎక్కడ ఇచ్చినా తీసుకోవాలి. తీసుకోకపోతే కాగితం ఎస్పీకి పోస్టులో పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. పెద్ద నేరం జరిగిందని చెప్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది.

నాలుగు, ఐదు రోజులు అట్రాసిటీ చట్టమే చెప్పాం. ఫిర్యాదు చదివి వినిపించి ఆ తర్వాతే సంతకం తీసుకోవాలని, నకలు వెంటనే ఇవ్వాలని ఆ చట్టం 4వ సెక్షన్‌లోనే రాసి ఉంది. 2015లో సవరణ చేసి ఆఫీసరు చెయ్యాల్సిన పనులన్నీ వరసగా పెట్టారు. అరవై రోజుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వెయ్యాలి. కావాలని ఎగ్గొట్టిన ఆఫీసరు ఎస్సీ, ఎస్టీ కానివాడైతే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు. దానికి ముందు శాఖాపరమైన విచారణ జరిగి సిఫారసు రావాలి, అది ఒక మెలిక. దర్యాప్తు చేసేది డి.ఎస్.పి. స్థాయి అధికారి. ముద్దాయి బెయిలు అడిగినప్పుడు బాధితుల మాట కూడా కోర్టు వినాలి. అది 15ఎ సెక్షన్. ఇది చెప్పినప్పుడు ఇంటర్ పిల్ల ఒకతి లేచి, "సార్, ఇది ముందే ఉంటే మీ నాయన కేసు గెలిచేదా?" అని అడిగింది. చెప్పలేం అమ్మా అన్నాం. కానీ ఆ కాగితం మీద కులం మాట లేకుండా మాత్రం వేలిముద్ర పడేది కాదు అన్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. చట్టం తెలిస్తే చాలు, న్యాయం నడిచి ఇంటికొస్తుందని మేము పిల్లలకు చెప్పలేదు. అట్లా చెప్తే అది మోసం. కారంచేడు చెప్పాం. 1985 జులై 17. మన నీళ్ళను పాడుచేయొద్దని చెరువు దగ్గర ఒక ఆడబిడ్డ అడ్డం మాట్లాడినందుకు మొదలైంది. ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయాయి. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008లో వచ్చింది. ఇరవై మూడేళ్ళు. చుండూరు చెప్పాం. 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని చంపారు. అప్పటికి అట్రాసిటీ చట్టం అమల్లో ఉంది. జనం పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. ఒక పిల్లోడు, "మరి ఎందుకు సార్ చదవడం?" అన్నాడు.

ఇది మన పెద్దలు కూడా అడిగే ప్రశ్న. మా జవాబు ఇది. 1927లో బాబాసాహెబ్ మహాడ్‌లో చవుదార్ చెరువు నీళ్ళు ముట్టుకున్నారు. అగ్రకులాలవాళ్ళు కోర్టుకు పోయారు. అది మా సొంత చెరువు అన్నారు. బాబాసాహెబ్ కూడా చట్టం చదివిన మనిషి. కోర్టులో నిలబడ్డారు. బొంబాయి హైకోర్టులో మనవైపు తీర్పు వచ్చింది 1937లో. పదేళ్ళు. చెరువు దగ్గర జనం లేకపోతే ఆ కేసే లేదు. కోర్టులో చదువుకున్నవాడు లేకపోతే ఆ తీర్పే లేదు. రెండు కాళ్ళూ ఉంటేనే నడక.

మొన్నమొన్నటి సంగతి చూడండి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం కోరలు పీకే తీర్పు ఇచ్చింది. కేసు కట్టేముందు విచారణ చెయ్యాలి, అరెస్టుకు పైవాళ్ళ అనుమతి కావాలి అంది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు రోడ్డెక్కారు. బందులో ప్రాణాలు కూడా పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ తెచ్చింది. ఎఫ్.ఐ.ఆర్. కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు, అరెస్టుకు అనుమతి అక్కర్లేదు. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. కాబట్టి ఇప్పుడు ఏ స్టేషన్లో అయినా "ముందు విచారణ చేసి తర్వాత కేసు కడతాం" అంటే, ఆ 18ఎ పేరు చెప్పగలిగిన పిల్ల ఒకతి పల్లెలో ఉండాలి. రోడ్డు మీద తెచ్చుకున్న దాన్ని స్టేషన్లో పోగొట్టుకోకూడదు.

మనకు దారి చూపిన పుస్తకం కూడా ఉంది. బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని రాశారు. కారంచేడు జరిగినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి జనంలోకి వచ్చిన మనిషి. చట్టాన్ని తెలుగులో, మన చేతిలో పట్టే సైజులో రాసిచ్చారు. 2016లో ఆయన పోయారు. ఆ పని పోకూడదు. హైస్కూలు పిల్లలకు చట్టం పుస్తకం ఎట్లా ఉండాలి అని ఎవరైనా అడిగితే మేము అదే చూపిస్తాం.

ఇంకో సంగతి అమ్మలు వినాలి. ఏడోరోజు చట్టం బయటివాళ్ళ మీదికే కాదు, మన గుమ్మంలోకి కూడా వచ్చింది. ఆడపిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నేరం అని 2006 చట్టం చెప్తుంది. ఇంట్లో ఆడమనిషిని కొడితే 2005 గృహహింస చట్టం ఉంది. పిల్లలు తలలు తిప్పి ఒకర్నొకరు చూసుకున్నారు. ఆ సాయంత్రం ఒక తండ్రి మా దగ్గరికొచ్చి, "ఏం మాస్టారూ, మా పిల్లకు మా మీదే చట్టం నేర్పుతున్నారా?" అన్నాడు. అవును బాబాయ్, నేర్పుతున్నాం అన్నాం. ఊరి ఆసామి ముందు తలెత్తమని చెప్పి, ఇంట్లో తల దించమని ఎట్లా చెప్తాం? ఆయన కోపంగానే పోయాడు. కానీ మర్నాడు పిల్లను తరగతికి పంపాడు. ఇప్పుడు ఈ సభలో వెనక వరసలో కూర్చున్నాడు. ఆయనకు మా దండం.

"చట్టం చదివితే పిల్లలు తగువులకు పోతారు, కూలి పనులకు ఎవడూ పిలవడు" అని కొందరు పెద్దలు భయపడ్డారు. ఆ భయాన్ని మేము తీసిపారేయం. దెబ్బ తిన్న ఇంట్లో పెరిగాం కాబట్టి మాకు తెలుసు. కానీ ఇప్పటిదాకా మనం తగువులకు పోకుండా ఉన్నామా? తగువు మన గుడిసెకే వచ్చింది కదా. వచ్చినప్పుడు పెద్దమనుషుల అరుగు కింద చేతులు కట్టుకుని రాజీ కాగితం మీద వేలు పెట్టాం. పిల్లలు ఒంటరిగా స్టేషనుకు పోవాలని మేము అనడం లేదు. నలుగురు పెద్దలు ముందు నడవాలి, చదువుకున్న పిల్ల పక్కన కాగితం పట్టుకుని ఉండాలి.

ఇక చదువు దారి. మన పిల్లలకు పది అయ్యాక ఎం.పి.సి., బైపీసీ తప్ప లోకం లేదని చెప్తున్నారు. చట్టం చదువు సంగతి ఎవరూ చెప్పరు. ఇంటర్ అయ్యాక లాసెట్ రాసి ఐదేళ్ళ లా చదవొచ్చు. డిగ్రీ అయ్యాక మూడేళ్ళది. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే అర్హత. నల్సార్ లాంటి జాతీయ లా కాలేజీలకు క్లాట్ పరీక్ష, అది ఇంగ్లీషులోనే ఉంటుంది. కాబట్టి తొమ్మిదో తరగతి నుంచే ఇంగ్లీషు పట్టాలి. చదువయ్యాక వకీలుగా పేరు నమోదుకు బార్ కౌన్సిళ్ళు వేలకు వేలు గుంజేవి. 2024 జులై 30న సుప్రీంకోర్టు అది చెల్లదంది. చట్టంలో ఉన్నంతే తీసుకోవాలి, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. ఈ సంగతి మీ పల్లెలో లా చదివి డబ్బుల్లేక ఆగిపోయినవాడు ఎవడైనా ఉంటే ఈ రాత్రే చెప్పండి.

ప్లీడరు దొరికే దాకా ఏం చెయ్యాలి? 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఫోను 15100. అట్రాసిటీ జరిగితే 14566. ఈ రెండు నంబర్లు పిల్లలు ఈ హాలు గోడ మీద పెద్దక్షరాలతో రాశారు. చదువు రానివాళ్ళు అంకెలైనా గుర్తుపెట్టుకోండి.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఇది. తొమ్మిది, పది తరగతుల్లో, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో, గురుకులాల్లో చట్టాన్ని పాఠంగా పెట్టాలి. తెలుగులో పెట్టాలి. అధికరణాల నంబర్లు బట్టీ కొట్టించడం కాదు, ఫిర్యాదు రాయించాలి, సమాచార హక్కు దరఖాస్తు రాయించాలి, కోర్టు హాలు చూపించాలి. ఏడాదికొకసారి న్యాయ విజ్ఞాన సదస్సు అని పెట్టి, శాలువా కప్పి, ఫోటో తీసుకుని పోతే పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

అది వచ్చేదాకా మనం ఆగం. మిమ్మల్ని అడిగేది చిన్నపని. పల్లెకు ఒక గది, వారానికి ఒక సాయంత్రం, ఒక ట్రంకుపెట్టెలో నాలుగు పుస్తకాలు. ఈ పది రోజులు నేర్చుకున్న పిల్లలే అక్కడ చెప్తారు. మాస్టార్ల కోసం చూడొద్దు. ఏ ఇంట్లో ఏ కాగితం మీద వేలు పెట్టాల్సి వచ్చినా, బ్యాంకుదైనా, పొలం కౌలుదైనా, స్టేషనుదైనా, ముందు ఆ గదికి తీసుకురండి. పిల్ల చదివి వినిపిస్తుంది. ఆ తర్వాతే వేలు.

మా నాయన ఇప్పుడు లేడు. ఆయనకు సంతకం రాకపోవడం ఆయన తప్పు కాదు. పక్కన నిలబడి కూడా నోరు తెరవకపోవడం మాకు ఈ రోజుకీ ముల్లులాగే ఉంది. ఈ పిల్లలకు ఆ ముల్లు వద్దు. ఇప్పుడు వాళ్ళు లేచి ఆ మూడు మాటలు ఒకసారి గట్టిగా అంటారు. మీరూ అనండి.

చదివి వినిపించండి సార్!

జై భీమ్.